అన్నానగర్ హ్యాండ్ థెరపీ క్లినిక్: చేతి ఆపరేషన్ తర్వాత మొదటి వారాలు

చెయ్యి తెగో, నలిగో, విరిగో ఆపరేషన్ అయిన మనిషి మీ ఇంట్లో ఉంటే ఇది కాస్త ఓపిగ్గా చదవండి. తిరుమంగళం మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఈ క్లినిక్‌లో చేతికి మాత్రమే థెరపీ చేస్తారు. నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పులు, మెడ పట్టేయడం లాంటివి చూడరు. వేళ్ళు, అరచెయ్యి, మణికట్టు, ముంజేయి, మోచెయ్యి, అంతే. ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా రాస్తాను. కానీ ముందే చెప్పేస్తున్నాను, మా తమ్ముడు ఈరోజు కుడి చేత్తో అన్నం కలుపుకుని తింటున్నాడంటే అందులో సగం పుణ్యం ఆపరేషన్ చేసిన డాక్టరుగారిది, మిగతా సగం ఈ క్లినిక్‌ది.

మాది నాయుడుపేట దగ్గర పల్లె. నేను పెళ్ళయి విల్లివాక్కం వచ్చాను. తర్వాత కొన్నేళ్ళకి తమ్ముడు కూడా వచ్చి గ్లాస్ ఫిట్టింగ్ పనిలో కుదిరాడు. షోరూములకి అద్దాలు, ఆఫీసుల్లో పార్టిషన్లు, బాత్రూముల్లో గాజు తలుపులు బిగిస్తాడు. ఒక పెద్ద అద్దం పైకెత్తుతుంటే పగిలి, ముక్క జారి కుడి చెయ్యి చూపుడు వేలు, మధ్య వేలు మొదళ్ళలో లోపలివైపు కోసుకుపోయింది. రెండు వేళ్ళూ మడవడానికి రాలేదు. చూపుడు వేలికి ఒక పక్క స్పర్శ కూడా పోయింది. అదే రాత్రి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, తెగిన టెండాన్లు (కండని ఎముకకి కలిపే తాళ్ళలాంటివి), నరం కుట్టారు. ఆపరేషన్ బాగా చేశారు, అందులో వంక పెట్టడానికేం లేదు.

నా బాధంతా ఆ తర్వాతి సంగతి గురించే. డిశ్చార్జి అప్పుడు చేతికి లావుపాటి కట్టు, మెడకి ఒక గుడ్డ, యాంటీబయాటిక్ మాత్రలు, నొప్పి మాత్రలు ఇచ్చారు. "పదిహేను రోజుల తర్వాత కుట్లు విప్పడానికి రండి" అన్నారు. చెయ్యి ఎలా పెట్టుకోవాలి, ఏ వేలు కదపొచ్చు, ఏది కదపకూడదు, ఎప్పుడు భయపడాలి అనేది ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. అడిగితే "కదపకుండా రెస్టుగా ఉంచండి" అన్నారు. డ్రెస్సింగ్ చేసే సిస్టర్ ఒకావిడ మాత్రం మమ్మల్ని పక్కకి పిలిచి, "ఇది వేలి మొదట్లో తెగిన కేసు. హ్యాండ్ థెరపిస్టుకి వెంటనే చూపించండి, కుట్లు విప్పేదాకా ఆగొద్దు" అని ఒక చీటీ మీద అడ్రసు రాసిచ్చింది. ఆ తల్లి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది. లోపలికి వెళ్ళగానే థెరపిస్టు మేడమ్ రిపోర్టులు అడగలేదు. ముందు మావాడి మెడలోని గుడ్డ వైపు చూశారు. చెయ్యి అందులో వేలాడుతూ, వేళ్ళు మోచేతి కంటే కిందికి ఉన్నాయి. కట్టు బయట కనిపించే వేళ్ళ చివర్లు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. ఆవిడ గుడ్డ విప్పి, కుర్చీ పక్కన దిండ్లు పేర్చి, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండేలా ఆనించారు. కాసేపటికే వాడు "అక్కా, లాగుడు తగ్గింది" అన్నాడు. అప్పుడు ఆవిడ ఒక్కో వేలి గోరు నొక్కి వదిలారు. నొక్కినప్పుడు తెల్లబడే గోరు రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలట. అన్ని వేళ్ళకీ అలా చూశాకే కుర్చీలో కూర్చున్నారు.

వాపు గురించి ఆవిడ చెప్పినంత శ్రద్ధగా అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చేతి ఆపరేషన్ తర్వాత వాపు సహజమే, కానీ దాన్ని అలాగే ఉండనిస్తే ఆ నీరు చిక్కబడి, కీళ్ళ చుట్టూ చర్మం కింద గట్టిపడి వేళ్ళు బిగుసుకుపోతాయి. అందుకని మొదటి వారం రోజులు పగలూ రాత్రీ చెయ్యి పైనే ఉండాలి. పడుకున్నప్పుడు పక్కన రెండు దిండ్ల మీద. కూర్చున్నప్పుడు బల్ల మీదో, సోఫా వీపు మీదో. నడిచేటప్పుడు అరచెయ్యి ఎదురు భుజం దగ్గరికి వచ్చేలా పట్టుకోవాలి. మెడలో గుడ్డ వేసుకుని రోజంతా తిరిగితే చెయ్యి కిందికి జారుతుంది, పైగా భుజం పట్టేస్తుంది. అందుకే గంటకోసారి చెయ్యి పైకెత్తి భుజం పూర్తిగా తిప్పాలి, మోచెయ్యి చాచి ముడవాలి. ఉంగరాలు, దారాలు, కాశీతాడు ఏమున్నా తీసెయ్యాలి. మా తమ్ముడి ఎడమ చేతికి ఉన్న ఉంగరం గురించి కాదు ఇది, దెబ్బ తగిలిన చేతి గురించి. మా మరదలు తిరుమలలో కట్టించిన తాడు తియ్యడానికి మనసొప్పక ఏడ్చింది. మేడమే నవ్వుతూ ఆ తాడు ఎడమ చేతికి కట్టారు.

ఆ తర్వాత ఆపరేషన్ నోట్ అడిగారు. మా దగ్గర ఉన్నది డిశ్చార్జి కాగితమే. అందులో "టెండాన్ రిపేర్" అని తప్ప ఇంకేమీ లేదు. ఆవిడ అక్కడికక్కడే సర్జన్‌గారికి ఫోన్ చేసి అడిగారు. వేలికి రెండు టెండాన్లూ కుట్టారా, ఒక్కటేనా? కుట్టులో ఎన్ని పోగులు వేశారు? టెండాన్‌ని ఎముకకి ఆనించి పట్టుకునే పట్టీల్లాంటి పుల్లీలు బాగున్నాయా? నరం బిగువుగా కుట్టారా, వదులుగానా? వాటి జవాబుల్ని బట్టే వ్యాయామం ఎంత మెల్లగా, ఎంత త్వరగా మొదలుపెట్టాలో నిర్ణయిస్తారట. ఒక పేషెంటు కోసం సర్జన్‌కి ఫోన్ చేసి అడిగే థెరపిస్టుని నేను మొదటిసారి చూశాను. నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

వేలు మడిచే పని నిజానికి చేసేది వేలు కాదు, ముంజేతిలో ఉండే కండ. ఆ కండ నుంచి టెండాన్ బయల్దేరి, మణికట్టు దాటి, అరచేతి మీదుగా వేలి ఎముకకి అంటుకుంటుంది. వేలిలో అది ఒక ఇరుకైన తొడుగు గుండా జారుతుంది, సైకిల్ బ్రేకు తీగ దాని గొట్టంలో జారినట్టు. ఆ గొట్టంలోనే తెగితే, అతికిన చోట చుట్టూ ఉన్నవాటికి అంటుకుపోయే ప్రమాదం ఎక్కువ. మావాడికి తెగింది సరిగ్గా అక్కడే. గోడ మీద అరచెయ్యి బొమ్మలో ఆ భాగానికి "జోన్ 2" అని రాసి ఉంది. అమెరికాలో స్టెర్లింగ్ బన్నెల్ అనే సర్జన్ ఒకప్పుడు దానికి "ఎవరికీ చెందని నేల" అని పేరు పెట్టాడట, అక్కడ తెగిన టెండాన్లను వెంటనే కుట్టొద్దు అనేవారట. 1960లలో హెరాల్డ్ క్లైనర్ట్ లాంటివాళ్ళు కుట్టి, వెంటనే జాగ్రత్తగా కదిలించి మంచి ఫలితాలు చూపించాకే పద్ధతి మారింది. ఆవిడ ఈ చరిత్రంతా ఎందుకు చెప్పారంటే, మావాడు "రెస్టుగా ఉంచమన్నారు కదా మేడమ్, మీరు కదపమంటారేంటి?" అని గట్టిగానే అడిగాడు.

జవాబు తమిళం, ఇంగ్లీషు, వచ్చీరాని తెలుగు కలిపి చెప్పారు. అసలు కదపకపోతే టెండాన్ చుట్టూ అతుక్కుని వేలు కర్రలా అయిపోతుంది. బలంగా కదిపితే కుట్టు తెగిపోతుంది, మళ్ళీ ఆపరేషన్. మొదటి కొన్ని వారాలు టెండాన్ కంటే కుట్టే ఎక్కువ బరువు మోస్తుంది, కొత్త పోగు పుట్టి గట్టిపడటానికి టైమ్ పడుతుంది. కాబట్టి స్ప్లింట్ (చేతిని సరైన వంపులో పట్టి ఉంచే గట్టి ఆసరా) కాపలాలో, నేర్పినంత మేరకు, రోజూ కదపాలి. అంతకు మించి ఒక్క మిల్లీమీటరు వద్దు.

స్ప్లింట్ తయారు చెయ్యడం చూడాల్సిందే. కొన్నిచోట్ల రెడీమేడ్ బెల్టు తగిలించి పంపేస్తారని విన్నాను. ఇక్కడ మావాడి చెయ్యి కాగితం మీద ఆనించి పెన్సిలుతో గీశారు. ఆ ఆకారంలో తెల్లటి థెర్మోప్లాస్టిక్ షీటు కత్తిరించారు. అది మందపాటి అట్టలా గట్టిగా ఉంటుంది. దాన్ని స్టీలు తొట్టెలో దాదాపు 70 డిగ్రీల వేడి నీళ్ళలో వేస్తే కాసేపట్లో తడిగుడ్డలా మెత్తబడింది. బయటికి తీసి తువ్వాలుతో తుడిచి, ముందు తన ముంజేతి మీద ఆనించుకుని వేడి చూసుకున్నారు. అప్పుడు పల్చటి నూలు తొడుగు వేసిన మావాడి చేతి వీపు మీద పరిచి, మణికట్టు దాదాపు తిన్నగా, మెటికల దగ్గర వేళ్ళు బాగా ముందుకి వంగి, వేళ్ళు మాత్రం లోపల తిన్నగా ఉండేలా పట్టుకున్నారు. ఆ రెండు మూడు నిమిషాలు గదిలో ఎవరూ మాట్లాడలేదు. చల్లారి గట్టిపడ్డాక తీసి, మణికట్టు పక్కనుండే ఎముక గుబ్బ దగ్గర మళ్ళీ వేడి చేసి కాస్త బయటికి ఉబ్బించారు, అక్కడ ఒరుసుకోకుండా. అంచులు నున్నగా చేసి, వెల్‌క్రో పట్టీలు వేశారు.

ఇది చేతి వీపు వైపు ఉండే స్ప్లింట్. వేళ్ళు లోపలికి వంగొచ్చు, వెనక్కి మాత్రం దాని పైకప్పు దాటి పోలేవు. అలా వెనక్కి సాగితేనే కుట్టు తెగేది. ఆరు వారాల దాకా ఇది రాత్రీ పగలూ ఉండాలి, నిద్రలో ఇంకా ముఖ్యం, మెలకువ లేని చెయ్యి ఏం పట్టుకుంటుందో మనకి తెలియదు. రాత్రి పూట వేళ్ళని పైకప్పుకి ఆనించి ఒక మెత్తటి పట్టీ వేసేవాళ్ళు, లేకపోతే నడిమి కణుపు ముడుచుకుని అలాగే నిలిచిపోతుందట.

చెన్నైలో ఉన్నవాళ్ళు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. వేడికి మెత్తబడేది మళ్ళీ వేడికి మెత్తబడుతుంది. ఎండలో ఆపిన కారులో స్ప్లింట్ పెడితే వంకరపోతుంది. పొయ్యి పక్కన, వేడి నీళ్ళ దగ్గర కూడా వద్దు. చెమట సంగతి చెప్పక్కర్లేదు, ఏప్రిల్, మే నెలల్లో నూలు తొడుగు పొద్దుటికి తడిసి ముద్దవుతుంది. మొదట్లో ఇంట్లో స్ప్లింట్ విప్పొద్దన్నారు. క్లినిక్‌కి వెళ్ళినప్పుడల్లా బల్ల మీద చెయ్యి సరైన వంపులో ఆనించి, వాళ్ళే విప్పి, తుడిచి, తొడుగు మార్చి పంపేవాళ్ళు. ఎర్రటి మచ్చ పడిందేమో చూసేవాళ్ళు. పట్టీ విప్పిన తర్వాత ఇరవై నిమిషాల్లో ఆ ఎరుపు పోకపోతే అక్కడ స్ప్లింట్ నొక్కుతున్నట్టే, వెంటనే సరిచెయ్యాలి. ఒక ఆదివారం బొటనవేలి మొదట్లో అలా ఎర్రబడితే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాం. సెలవురోజైనా జవాబొచ్చింది, సోమవారం పొద్దున్నే పిలిచి అంచు సరిచేశారు, దానికి డబ్బు తీసుకోలేదు.

వ్యాయామాలు వాళ్ళు నేర్పే పద్ధతి నాకు చాలా నచ్చింది. పేషెంటుకి ఒక్కడికే చెప్పి ఊరుకోరు. ఇంట్లో చూసుకునే మనిషిని పక్కన కూర్చోబెట్టి, చూపించి, ఆ మనిషి చేత చేయించి, తప్పులు దిద్దుతారు. మా మరదలు మొదటిసారి భయంతో వేళ్ళు ముట్టుకోలేకపోయింది. మేడమ్ ఆమె వేళ్ళ మీద తన వేళ్ళు ఉంచి ఎంత బలం పెట్టాలో చూపించారు. ముందు ఎడమ చేత్తో కుడి చేతి వేళ్ళను ఒక్కో కణుపు దగ్గరా మెల్లగా అరచేతిలోకి వంచాలి. అప్పుడు వేళ్ళు వాటంతటవే స్ప్లింట్ పైకప్పు తగిలేదాకా తిన్నగా కావాలి. అది బాగా అలవాటయ్యాక, చాలా తక్కువ బలంతో వేళ్ళని సగం పిడికిలి దాకా సొంతంగా మడవాలి. గట్టిగా పిడికిలి బిగించకూడదు. ఏదీ పట్టుకోకూడదు, ఎత్తకూడదు, లాగకూడదు. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి. మరదలు ఫోన్‌లో అలారం పెట్టింది. అది మోగగానే మా మేనకోడలు "నాన్నా, వేళ్ళు!" అని అరిచేది.

ఎక్కువసార్లు చేస్తే త్వరగా బాగవుతుందని ఎవరూ అనుకోవద్దు. మావాడిది కష్టపడే ఒళ్ళు, ఊరికే కూర్చోలేడు. రెండో వారం దాటాక నొప్పి తగ్గింది, వాపు తగ్గింది, "నాకేం కాలేదు" అనే ధీమా వచ్చింది. అప్పుడే అసలు టెన్షన్. సరిగ్గా ఆ రోజుల్లోనే కుట్టు తెగే ప్రమాదం ఎక్కువని మేడమ్ మొదటే చెప్పి ఉన్నారు కాబట్టి, మరదలు బండి తాళాలు దాచేసింది, నీళ్ళ బిందె వాడి కంట పడనివ్వలేదు. తెగితే "టిక్కు" మన్నట్టు అనిపించి, అప్పటిదాకా మడిచిన వేలు ఒక్కసారిగా మడవకుండా పోతుంది. అలా అయితే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు సర్జన్ దగ్గరికి పరిగెత్తాలి.

భయపడాల్సిన గుర్తులు ఇంకొన్ని పెద్ద అక్షరాలతో రాసి, ఫ్రిజ్ మీద అంటించమన్నారు. మాత్ర వేసుకున్నా తగ్గకుండా గంటగంటకీ పెరిగే నొప్పి. కట్టు బిగిసి, వేలు కాస్త సాగదీసినా ప్రాణం పోయేంత నొప్పి. వేళ్ళు తెల్లగానో నీలంగానో మారడం, చల్లబడటం, కొత్తగా తిమ్మిరి. జ్వరం, చీము, దుర్వాసన, గాయం చుట్టూ ఎరుపు పాకడం. ముంజేయి నలిగినవాళ్ళకి, ఎముకలు విరిగినవాళ్ళకి మొదటి రెండు రకాలు మరీ ముఖ్యమట. లోపల ఒత్తిడి పెరిగి కండలకి రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే శాశ్వతంగా చెడిపోతాయి. "పొద్దున చూద్దాం" అనే మాటే ఉండకూడదు, అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

మన ఇళ్ళల్లో జరిగే గొడవలు కూడా ఆవిడకి బాగా తెలుసు. మా అమ్మ ఊరి నుంచి రాగానే పప్పు వండనివ్వలేదు, చీము పడుతుందని. గుడ్డు వద్దంది, వంకాయ వద్దంది, రోజూ కారప్పొడి అన్నం, చారు అన్నమే. నేను చెబితే వినదని అమ్మని క్లినిక్‌కి తీసుకెళ్ళాను. మేడమ్ ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మా, గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, మీ అబ్బాయికి ఏది ఇష్టమైతే అది పెట్టండి" అన్నారు. షుగరు ఉన్నవాళ్ళయితే షుగరు అదుపులో పెట్టుకోవాలన్నారు. అమ్మ ఇంటికొచ్చి ఆ పూటే ముద్దపప్పు వండింది. పసుపు ముద్ద, కొబ్బరినూనె, ఏ ఆకు పసరైనా కుట్ల మీద వెయ్యొద్దని కూడా అప్పుడే చెప్పారు. కుట్లు విప్పి, గాయం పూర్తిగా మూసుకున్నాకే నూనెతో మచ్చని మర్దన చెయ్యడం మొదలుపెట్టించారు, అది కూడా స్ప్లింట్ లోపలే, నేర్పిన పద్ధతిలో.

పుత్తూరు కట్టు మాట మా చుట్టాల్లో ఒకరిద్దరు ఎత్తారు. మా వైపు చెయ్యి అంటే ముందు గుర్తొచ్చేది అదే, చెన్నైలో కూడా ఆ బోర్డులు ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తాయి. తెగిన టెండానుకి, నరానికి కట్టుతో పని లేదు, వాటి చివరలు కలిపి కుట్టాల్సిందే. చుట్టాలకి ఈ మాట నేనే చెప్పాను, రెండోసారి ఎవరూ అడగలేదు.

సిగరెట్టు విషయంలో మాత్రం మేడమ్ మెత్తగా మాట్లాడలేదు. పొగలోని నికోటిన్ సన్నటి రక్తనాళాలని ముడిచేస్తుంది, కుట్టిన చోటికి రక్తం తగ్గుతుంది, గాయం ఆలస్యంగా మానుతుంది. మావాడి పక్క బల్ల దగ్గరికి ఒక అంబత్తూరు మెషిన్ షాపు కుర్రాడు వచ్చేవాడు, తెగిపోయిన బొటనవేలిని మళ్ళీ అతికించారు. అతనికి సిగరెట్టే కాదు, ఆ గదిలో ఇంకొకరు తాగినా ప్రమాదమే అన్నారు. ఆ కుర్రాడి వేలు నిలవడానికి ఇంకో కారణం ఉంది. తెగిన ముక్కని తోటి పనివాళ్ళు తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి, ఆ కవర్ని ఐసులో పెట్టి తెచ్చారు. నేరుగా ఐసులో వేస్తే చెడిపోతుందట. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళందరికీ ఇది తెలియాలి.

ఇంకో పెద్దావిడ గురించి రాయకుండా ఉండలేను. నెల్లూరావిడ, కూతురి ఇంటికి వచ్చి బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగింది. ఆవిడ వచ్చింది పిండికట్టు విప్పాక. ఎముక అతికింది, కానీ కట్టు ఉన్నన్ని రోజులూ వేళ్ళు కదపొచ్చని ఎవరూ చెప్పలేదు, భుజం ఎత్తమని చెప్పలేదు. వేళ్ళు బిగుసుకుపోయి అన్నం ముద్ద పట్టుకోలేక, భుజం పట్టేసి జడ వేసుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకునేది. తెలుగు మాట వినగానే నా పక్కకి వచ్చి కూర్చునేది. పిండికట్టు బయట ఉన్న వేళ్ళు మొదటి రోజు నుంచే పూర్తిగా మడిచి చాచాలి, వద్దని డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప. ఇంత చిన్న మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నాకు కోపం వచ్చేది. ఆవిడకి ఇక్కడ నెమ్మదిగా వేళ్ళు దారికొచ్చాయి, భుజం ఇంకా చేయిస్తున్నారు.

నరం సంగతి కొంచెం చెబుతాను, ఎందుకంటే ఓపిక కావాల్సింది అక్కడే. కుట్టిన నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, అంటే నెలకి అంగుళం దాకా. అది వేలి చివరికి చేరేదాకా ఆ చోట స్పర్శ ఉండదు. మేడమ్ చూపుడు వేలి మీద కింది నుంచి పైకి వేలితో మెల్లగా కొడుతూ వచ్చేవారు. ఒకచోట "జివ్వుమంది" అంటాడు, అక్కడ పెన్నుతో గీత పెట్టేవారు. తర్వాతి నెల ఆ గీత ఇంకాస్త పైకి జరిగేది. ఆ గీతలు చూసి మావాడికి వచ్చిన ధైర్యం నేను వెయ్యి మాటలు చెప్పినా వచ్చేది కాదు. స్పర్శ లేని వేలికి వేడి తెలియదు కాబట్టి కాఫీ గ్లాసు, ఇస్త్రీ పెట్టె, పెనం పిడి, బండి సైలెన్సర్ దగ్గర చాలా జాగ్రత్తగా ఉండమన్నారు. కాలినా తెలియదు, తెలిసేసరికి పొక్కు లేస్తుంది.

మేడమ్ వేలూరులో పని నేర్చుకున్నారట. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రిలో 1940ల చివర్లో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్టు వల్ల వంకరపోయిన వేళ్ళకి టెండాన్లు మార్చి కుట్టే ఆపరేషన్లు మొదలుపెట్టారు. ఆపరేషన్ తర్వాత ఆ చేత్తో పని చెయ్యడం మళ్ళీ నేర్పించడం కూడా వైద్యంలో భాగమే అని అక్కడివాళ్ళు అప్పటినుంచీ పట్టించుకున్నారు. మన చిత్తూరు, నెల్లూరు జిల్లాలవాళ్ళకి వేలూరు ఎంత దగ్గరో చెప్పనక్కర్లేదు, మా తాతని కూడా అక్కడికే తీసుకెళ్ళేవాళ్ళు.

ఇక లోపాలు. కాగితాలన్నీ ఇంగ్లీషు, తమిళంలోనే ఉన్నాయి. చెన్నైలో మనవాళ్ళు ఇంతమంది ఉండగా తెలుగు షీటు లేకపోవడం బాధగా ఉంది. నేనే చేత్తో ఒకటి రాసి ఇచ్చాను, జిరాక్స్ తీసి ఇస్తామన్నారు. రెండోది, సాయంత్రం జనం ఎక్కువ, అపాయింట్‌మెంట్ ఇచ్చిన టైముకి పిలవరు. చెయ్యి పైకెత్తి పట్టుకుని బయట బెంచీ మీద కూర్చోవడం కష్టం, దిండ్లు కూడా సరిపోవు. లిఫ్టు లేదు. నక్షత్రం తగ్గించిన అసలు కారణం మూడోది. మేడమ్ లేని ఒక రోజు కొత్తగా చేరిన అబ్బాయి మావాడికి తర్వాతి దశ వ్యాయామాల షీటు ఇచ్చేశాడు, అందులో స్పాంజి బంతి పిసకడం ఉంది. మా మరదలు అది చదివి, "ఇప్పుడే గట్టిగా పట్టుకోవచ్చా?" అని అడగబట్టి సరిపోయింది. మరునాడు మేడమ్ స్వయంగా ఫోన్ చేసి క్షమించమన్నారు, ఇకమీదట ఏ షీటైనా సీనియర్ సంతకం లేకుండా ఇవ్వబోమన్నారు. ఆ తర్వాత మాకిచ్చిన ప్రతి కాగితం మీదా సంతకం ఉంది. అయినా ఇలాంటిది ఒక్కసారి కూడా జరగకూడదు.

ఖర్చు దగ్గర దాపరికం లేదు. స్ప్లింట్‌కి నాలుగు వేల దాకా అయింది, ఒక్కో సిట్టింగుకి ఆరు వందలు. మొదట్లో తరచుగా, తర్వాత దూరం దూరంగా రమ్మన్నారు, అవసరం లేకుండా ఒక్కసారి కూడా పిలవలేదు. ఈ డబ్బు కూడా కష్టం అనేవాళ్ళకి మేడమే స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రి పేరు చెబుతారు. ఉత్తర చెన్నైలోని ఆ ఆసుపత్రిలో చేతి వైద్యానికి ప్రొఫెసర్ ఆర్. వెంకటస్వామి నిలబెట్టిన ప్రత్యేక విభాగం ఉంది, చేతి సర్జరీ, థెరపీ రెండూ అక్కడే చూస్తారు. అది తెలియక అప్పు చేసి ఎక్కడెక్కడో తిరిగేవాళ్ళని చూశాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు మావాడి స్ప్లింట్ తీసేశారు. అన్నం కలుపుకుంటున్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు, ఫోన్ పట్టుకుంటున్నాడు. బరువులు మాత్రం ఆపరేషన్ నుంచి 12 వారాలు దాటేదాకా వద్దన్నారు, అద్దాలెత్తే పని దాని తర్వాత కూడా మెల్లమెల్లగానే. మధ్య వేలు పూర్తిగా మడిస్తే అరచేతికి ఇంకా ఒక వేలెడు దూరంలో ఆగుతుంది. ప్రతిసారీ కోణమానినితో కొలిచి రాస్తారు, కిందటి నెల కంటే మెరుగే. అది పూర్తిగా తగులుతుందని మేడమ్ మాట ఇవ్వలేదు. "ఇంకా బాగవుతుంది, ఎంత వరకు అనేది చూద్దాం" అన్నారు. ఉత్త మాటలతో ఊరించకపోవడం కూడా నాకు నచ్చింది.

వెళ్ళేవాళ్ళు డిశ్చార్జి కాగితం ఒక్కటే కాకుండా ఆపరేషన్ నోట్ కాపీ అడిగి తీసుకుని వెళ్ళండి, అది అడిగి తీసుకునే హక్కు మీకుంది. ఎక్స్‌రేలు, వాడుతున్న మాత్రల చీటీ కూడా. ఇంట్లో రోజూ చూసుకునే మనిషిని వెంట తీసుకెళ్ళండి. ఆపరేషన్ అయిన మూడు నాలుగు రోజుల్లోపే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ పెట్టుకోండి, ఏ రోజు మొదలుపెట్టాలో వాళ్ళు సర్జన్‌ని అడిగి చెబుతారు. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగింటి దాకా మూసేస్తారు. పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్తే పెద్దగా వెయిటింగ్ ఉండదు, బండి పెట్టుకోవడానికి కింద చోటు కూడా దొరుకుతుంది.